ఋతువునకు బీమా లేదు

నెల్లూరు సీమకు వచ్చినవారు మొలగొలుకుల బియ్యమును, పెన్న ఆనకట్టలను పొగడి పోవుట వాడుక. నేలక్రింద కాకిబంగారమనబడు అభ్రకము, నేలపైన వరి, తీరమున ఉప్పు, ఆవల సముద్రము, ఈ నాలుగింటిని నమ్ముకొని బ్రతికెడు కూలివాడు జబ్బుపడినచో వానికి వైద్యము చేయించు భారము ఎవరిదను ప్రశ్నను మాత్రము ఆ పొగడినవారెవ్వరును అడిగి యెఱుగరు. ఆ ప్రశ్నకు 1943 మొదలుకొని అయిదేండ్ల లోపల మూడు వేఱువేఱు సమాధానములు ఢిల్లీలో పుట్టినవి. వానిని వ్రాసినవారు ఇస్కపల్లి ఉప్పుమళ్లను తలచుకొని వ్రాసియుండరు. అయినను, ఒక శాసనము యొక్క గుణదోషములు అది ఎవరికొఱకు వ్రాయబడెనో వారి యింటికంటె, అది మఱచిన వారి వాకిట నిలిచి చూచినచో తేటపడునని నా నమ్మకము గనుక, ఆ మూడింటిని ఈ తీరమునుండి చూడదలచితిని.

మొదటిది ఆచార్య బి.పి. ఆదార్కరుది. కార్మికులకు వ్యాధి బీమా సంగతి ఆలోచింపవలెనని వైట్లీ అధ్యక్షుడుగానున్న రాయల్ కమిషను 1931లోనే చెప్పియుండగా, ఆ మాట పండ్రెండేండ్లు కాగితములలో నిద్రించి, 1943 మార్చిలో ఆదార్కరు నియామకముతో కన్ను తెఱచెను. అప్పటికి మూడు మాసములకు ముందే ఇంగ్లండులో బెవరిడ్జి నివేదిక వెలువడియుండెను. ఆదార్కరు 1944 ఆగస్టులో సమర్పించిన నివేదికలో, నూలు బట్టల మిల్లులు, యంత్ర పరిశ్రమలు, ఖనిజ లోహ పరిశ్రమలు అను మూడు తెగలలో ఏడాది పొడుగున నడచు కర్మాగారములకు మాత్రమే నిర్బంధ బీమా నేర్పఱుపవలెననెను. అంతర్జాతీయ కార్మిక కార్యాలయమునుండి వచ్చిన స్టాకు, రావు అను నిపుణులు దానిని పరిశీలించి, ఆ మూడు తెగల హద్దును చెఱిపి, ఏడాది నడచు కర్మాగారములన్నింటికిని వర్తింపజేయుడనియు, ప్రసూతి సాయమును, పనిలో తగిలిన దెబ్బలకు పరిహారమును కూడ ఇందులోనే చేర్చుడనియు చెప్పిరి. 1946లో బిల్లుగా వచ్చి, 1948 ఏప్రిలు 19న చట్టమై, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో అమలునకు వచ్చిన ఉద్యోగుల రాజ్య బీమా పథకమునకు పుట్టుక ఇది. కార్మికుడును యజమానియు చందా కట్టుదురు. తొలినాళ్లలో రోజుకూలి రూపాయికి లోబడినవాడు మాత్రము కట్టనక్కఱలేకుండెను, వాని వంతు యజమాని చందాతోనే సరిపోయెను. జబ్బుపడినవానికి మందిచ్చుటయేగాక, ఏటికి యేబదియాఱు దినముల వఱకు కూలిలో ఇంచుమించు సగము రొక్కముగ నిచ్చెడివారు. పేదవానికి జ్వరము వచ్చినపుడు మందు వెలకంటె పోయిన కూలియే పెద్ద దెబ్బయని గ్రహించిన శాసనము మన దేశమున ఇంత విస్తారముగ అంతకుముందు రాలేదు. ఆ మెప్పు దానికి చెల్లవలసినదే.

అయితే చట్టము చేతికి వచ్చినప్పుడు నేను మొట్టమొదట నిర్వచనములనే చదువుదును. ఎవరికేమి దక్కునో తక్కిన అధ్యాయములు చెప్పునుగాని, ఎవరికేమియు దక్కదో చెప్పునవి నిర్వచనములే. 1948 నాటి నిర్వచనము ప్రకారము కర్మాగారమనగా ఇరువదిమందికి తక్కువగాక పనిచేయుచు, మనుష్యబలము గాని పశుబలము గాని కాని శక్తితో నడచునట్టిది. గనుల చట్టమునకు లోబడిన గని కర్మాగారము కాదు; కనుక గూడూరునుండి సంగము దాక వ్యాపించిన అభ్రకపు గనులు తొలగెను. వేరుసెనగకాయ ఒలుచు మిల్లు ఋతువుననుసరించి నడచును గనుక, పేరు పెట్టి మఱియు తొలగించిరి. వరి కోతకు వచ్చువాడు కర్మాగారమున లేడు. పట్టపుపాళెపు జాలరి ఎవరికి నౌకరు? సముద్రమునకా? ఉప్పుకొటారు సంగతి తలచినపుడు నాకు నవ్వు వచ్చును. బకింగుహాము కాలువ ప్రక్కన మళ్లలో ఉప్పునీరు నింపినచో దానిని ఇంకించునది ఎండయు గాలియు. అవి మనుష్యబలములు కావు, పశుబలములును కావు. అయినను ఇరుసుల ద్వారా ప్రసరింపలేదు గనుక సూర్యుని ప్రయత్నము చట్టము దృష్టిలో శక్తి కానేరదు. ఈ సీమలో శ్రమయెల్ల పంచాంగమును చూచి నడచును. చట్టము గడియారమును చూచి నడచెను.

రెండవ సమాధానము ఈ జిల్లాకు మిక్కిలి చేరువది. అదే 1946వ సంవత్సరపు ఇరువదిరెండవ చట్టము, అభ్రకపు గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టము. ఇందులో చందా లేకుండెను, చీటి లేకుండెను, కార్మికునినుండి కానీ పుచ్చుకొనుట లేకుండెను. విదేశములకు పోవు అభ్రకము విలువపై నూటికి ఆఱుంబావు మించకుండ సుంకము విధించి, ఆ సొమ్ముతో వైద్యము, మంచినీరు, చదువు, వసతి సమకూర్పవలెనని దాని యేర్పాటు. సైదాపురపు గనులలో దిగు కూలి జబ్బునకు, వాడు తవ్విన రాయి కొన్న పరదేశి వర్తకుడు పైకమిచ్చెనన్నమాట. ఆ నిధితోనే కలిచేడులో ఆసుపత్రి వెలసెను. ఊపిరితిత్తులలో రాతి దుమ్ము చేరిన పనివానికి పొలిమేరలోనే వైద్యశాల దొరకుట స్వల్పవిషయము కాదు. అయితే ఆదార్కరు పథకమున జబ్బుపడిన కూలికి రొక్కముపై హక్కు కలదు. ఇచ్చట నిధి పెద్దలు నిర్ణయించిన సౌకర్యము మాత్రమే యుండెను. అంతేగాక, రేడియోలలోని గాజుగొట్టములు పోయి ట్రాన్సిస్టరులు వచ్చినపుడు అభ్రకమునకు గిరాకి తగ్గెను. సరకు తగ్గినకొలది సుంకము, సుంకము తగ్గినకొలది నిధి తగ్గక తప్పదు. జబ్బు మాత్రము ఎగుమతులతో తగ్గునది కాదు. చిత్రమేమనగా, 1944లో కార్మికుల స్థితిగతులు విచారించిన రేగే సంఘము అభ్రకపు పనిని గూర్చియు ప్రత్యేక నివేదిక వ్రాసెను; ఆ సంఘ సభ్యులలో ఆదార్కరు ఒకడు. తన బీమా గీత కావల నున్నవారిని ఆయన ఎఱుగనివాడు కాడు.

మూడవది జోసెఫు భోరు అధ్యక్షతన 1943లో ఏర్పడి, 1946లో నివేదిక యిచ్చిన సంఘముది. వైద్యుడు ఏ.లక్ష్మణస్వామి మొదలియారు మదరాసునుండి అందు సభ్యుడు. ఇచ్చుకొనలేని కారణమున ఎవరికిని వైద్యము అందకపోరాదనియు, చందాతో నిమిత్తము లేక సామాన్యమైన పన్నులతోనే వైద్యము ఉచితముగ నడుపవలెననియు, మొదటి దశలో నలుబదివేలమందికొక ఆరోగ్యకేంద్రము ఉండవలెననియు వారి మతము. మూడింటిలో పట్టపుపాళెమును, ఉప్పుకొటారును ఒక్కమాటుగ కలుపుకొనినది ఇదియే. చట్టముగా మాఱనిదియు ఇదియే. కేంద్రములు వచ్చినవి, హక్కు రాలేదు. ఆ వెలితిని ఎవరికి తోచినట్లు వారు పూరించుకొనిరి. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్యగారి తమ్ముడు డాక్టరు పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి నెల్లూరి ప్రజావైద్యశాలలో పల్లెవైద్యులకు శిక్షణమిచ్చినది అట్టి పూరణమే.

1948 చట్టమున మొదటి సెక్షనులోనే యొక ద్వారము ఉండెను. రాష్ట్ర ప్రభుత్వము తలచినచో పారిశ్రామిక, వాణిజ్య, వ్యావసాయిక సంస్థలకు గాని, మఱి దేనికి గాని ఈ పథకమును విస్తరింపవచ్చునని అది చెప్పెను. వ్యావసాయిక మను ఆ మాట కావలి, కోవూరు వరిమళ్లను పేరు పెట్టక పిలిచినట్లుండెను. పిలుపు విన్నవారు లేరు.

ఇంచుమించు అఱువది యేండ్లు గడచిన పిదప, 2007 ఏప్రిలు 1న మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై మఱుసటి యేట నెల్లూరునకు వచ్చిన ఆరోగ్యశ్రీ, యజమానిని అడుగలేదు, ఋతువును అడుగలేదు, తెల్లకార్డును అడిగెను. గుండె కోత పడవలసిన పట్టపువాడు పేరుగల ఆసుపత్రిలో మంచమెక్కుట ఈ తీరమునకు క్రొత్త దృశ్యమే. కాని ఇది శాసనసభలో పుట్టిన చట్టము కాదు, ప్రభుత్వపుటుత్తర్వు. ప్రభుత్వము మాఱినప్పుడెల్ల దాని పేరును మాఱుచున్నది. పెద్ద రోగమునకు లక్షలు కలవు, పది దినముల జ్వరమున పోయిన కూలికి ఏమియు లేదు. శస్త్రచికిత్సానంతరము విశ్రాంతి దినములకు రోజుకు 225 రూపాయల చొప్పున 2019 డిసెంబరులో ఇయ్యసాగినప్పుడు మాత్రము 1948 చట్టపు యేబదియాఱు దినముల లెక్క నాకు జ్ఞప్తికి వచ్చెను.

కేంద్ర శాసనకర్తలు 1948 నాటి చట్టమును తక్కిన ఎనిమిది చట్టములతో కలిపి, 2020లో సాంఘిక భద్రతా స్మృతిగా కూర్చిరి. 1948 నాటి ఇరువదిమంది అప్పటికే పదిమందియైయుండిరి, కర్మాగారమను మాట విస్తరించి సంస్థ యాయెను. దాని మొదటి పట్టికలో రాజ్య బీమా ఎవరికి వర్తించునో చెప్పు వరుసను వ్రేలు పెట్టి చదివితిని: పదిమందియు అంతకు మించియు పనిచేయు ప్రతి సంస్థయు, ఋతువుననుసరించి నడచు కర్మాగారము తప్ప.