గంటకు కిలోమీటరున్నర

చైత్ర పౌర్ణమి నాడు పొద్దున పదకొండు దాటాక గౌలిగూడ రామమందిరం దగ్గర కదిలిన ఊరేగింపు సికింద్రాబాద్ తాడ్‌బండ్ వీరాంజనేయస్వామి గుడికి చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. మధ్య దూరం దాదాపు 12 కిలోమీటర్లు. లెక్క వేస్తే గంటకు కిలోమీటరున్నర కూడా పడదు. తీరిగ్గా నడిచే మనిషి అంతకు మూడింతల దూరం పోతాడు. అయినా వేలమంది ఆ దారిని మోటార్‌సైకిళ్ల మీదే దాటుతారు. కోఠీ, రాంకోఠి, కాచిగూడ చౌరస్తా, నారాయణగూడ వైఎంసీఏ మీదుగా చిక్కడపల్లి రోడ్డెక్కి, ఆర్టీసీ చౌరస్తాలో ఎడమకు తిరిగి, అశోక్‌నగర్, గాంధీనగర్, కవాడిగూడల మీదుగా సాగే ఈ జులూస్‌కు వీర హనుమాన్ విజయయాత్ర అని పేరు. నడిపించేది విశ్వ హిందూ పరిషత్, బజరంగ్ దళ్.

మర్నాటి పత్రికల్లో ఇది భక్తి వార్తగా వస్తుంది, లేదంటే బందోబస్తు వార్తగా. అంతకుముందు రోజు ట్రాఫిక్ మళ్లింపుల వార్తగా ఎలాగూ వస్తుంది. బండ్ల వార్తగా మాత్రం రాదు. బైకర్ల జాతర అనగానే మనవాళ్లకు 2013లో గోవాలో మొదలైన ఇండియా బైక్ వీక్ గుర్తొస్తుంది. తోలు జాకెట్లు, లక్షల రూపాయల బండ్లు, సముద్రపు ఒడ్డు కళ్లముందు కదులుతాయి. చిక్కడపల్లిలో కనిపించే బండి అది కాదు. మరుసటి రోజు పొద్దున కూరగాయల సంచి మోయాల్సిన బండి ఇది, బిర్యానీ పార్సిల్ మోయాల్సిన బండి, కోచింగ్ సెంటర్ ముందు ఎండలో నిలబడాల్సిన బండి. హైదరాబాద్ మోటార్‌సైకిల్ చరిత్ర రాసేవాళ్లెవరైనా క్లబ్బుల దగ్గర మొదలుపెడితే ఈ బండ్లన్నీ లెక్కలోకి రాకుండా పోతాయని నా అభిప్రాయం.

క్లబ్బు దగ్గర మొదలైన జాతర చూడాలంటే అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలో స్టర్జిస్ అని చిన్న ఊరుంది. జనాభా ఏడు వేల చిల్లర. 1938 ఆగస్టులో క్లారెన్స్ హోయెల్ అనే మోటార్‌సైకిళ్ల వ్యాపారి, తన జాక్‌పైన్ జిప్సీస్ క్లబ్బువాళ్లతో కలిసి అక్కడ పందెం పెడితే, మొదటి ఏడు తొమ్మిదిమంది పోటీపడ్డారు. ఇప్పుడు ఆ ఊరికి ఆగస్టులో లక్షల బండ్లు వస్తాయి. పందెం ఎప్పుడో పక్కకు పోయింది. పోవడం, కలవడం, చూడటం, కనిపించడం, ఇదే జాతరయింది. మన దగ్గర పందెం అసలు లేదు. దేవుడున్నాడు, గుడి ఉంది, మిగతాదంతా అదే.

ఊరేగింపులో వాహనానికి పెద్దపీట వేయడం ఈ నగరానికి కొత్త కాదు. నిజాముల కాలంలో మొహర్రం నెలలో సాగే లంగర్ జులూస్‌లో ఏనుగులు, ఒంటెలు, గుర్రపు దళాలు, అరబ్బు సైనికులు గంటల తరబడి కదిలేవారు. దాని పుట్టుక గురించి చెప్పే గోల్కొండ కథ మరీ ముచ్చటైనది. కుర్ర యువరాజు అబ్దుల్లాను ఎక్కించుకున్న ఏనుగు మదమెక్కి అడవిలోకి పారిపోయిందట. తల్లి హయత్ బక్షీ బేగం, బిడ్డ క్షేమంగా తిరిగొస్తే ఏనుగు గొలుసంత బరువైన బంగారు గొలుసు సమర్పిస్తానని మొక్కుకుంది. పిల్లవాడు ఆకలితో ఉంటాడని ఏనుగు తిరిగే దారుల్లో చెట్టు కొమ్మలకు, గోడల మీద అన్నం మూటలు పెట్టించింది. ఏనుగు దిగొచ్చింది, మొక్కు తీరింది, జులూస్ మొదలయింది. అదుపు తప్పిన వాహనం, దాని మీద కుర్రాడు, ఇంట్లో తల్లి మొక్కు: ఈ మూడూ హైదరాబాద్‌లో ఇప్పటికీ మారలేదు. అన్నం మూటల బదులు ఇప్పుడు దారి పొడవునా మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర పొట్లాలు.

అలాంటి జులూస్‌లకు బందోబస్తు చూసే కొత్వాల్ పదవిలో 1920 నుంచి 1934 వరకు ఉన్నవాడు రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి. ఆయన పేరిట 1954లో వెలసిన మహిళా కళాశాల ఉన్నది నారాయణగూడలోనే. ఈ పేట చరిత్రంతా బడుల చరిత్ర. 1928లో మాడపాటి హనుమంతరావు తెలుగు ఆడపిల్లల కోసం పెట్టిన ఆంధ్ర బాలికల పాఠశాల ఇక్కడిదే, 1940లో కేశవరావు కోరట్కర్ పేర వచ్చిన కేశవ్ మెమోరియల్ ఇక్కడిదే. మొదట ఆ బాలికల బడికి పిల్లల్ని పంపడానికి ఇళ్లవాళ్లు వెనకాడిన రోజులు. అదే నగరం నుంచి 2018లో జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు మోటార్‌సైకిళ్ల మీద బయల్దేరి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చూసి, దాదాపు 17 వేల కిలోమీటర్లు తిరిగొచ్చారు. విజయయాత్రలో మాత్రం హ్యాండిల్ పట్టుకున్న చేతులు ఎక్కువగా మగవాళ్లవే. ఆడవాళ్లు మేడల మీది నుంచి పూలు చల్లుతూ కనిపిస్తారు. ఇది నాకు నచ్చని సంగతి, కానీ ఉన్న సంగతి.

ఇంతకీ బండ్లు ఎప్పుడొచ్చాయి? జవాబు జులూస్‌లో కాదు, బజార్లో దొరుకుతుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టినా బుల్లెట్ అంటే పోలీసుది, మిలిటరీ వాడిది, లేదా పటేల్‌ది. మైసూరులో 1961 నుంచి వచ్చిన జావా, తరవాత యెజ్డీ కాలేజీ షోకు. బజాజ్ స్కూటర్‌కు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరం మన నాన్నలది. మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ కూడా పుష్పక్ అని ఒక స్కూటర్ చేసింది. పేరులో ఉన్నంత ఎగురుడు బజారులో లేకపోయింది. ఇటువంటి రోజుల్లో బస్తీ పిల్లలు జెండా కట్టాలంటే సైకిలుకో లారీకో కట్టాల్సిందే.

1985 ఆ లెక్క తిరగరాసింది. హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకే ఏడు వచ్చాయి. ఒకటి లీటరు పెట్రోలుతో ఎంత దూరమైనా పోతాననే సంసారపక్షపు బండి. రెండోది కిక్ కొట్టగానే గల్లీ చివరి దాకా వినిపించే బండి. 1994లో స్ప్లెండర్, 2001లో పల్సర్. వాయిదాల మీద అమ్మడం మొదలయ్యాక బండి బస్తీలోకి దిగింది. కూలి, మెకానిక్, బట్టల కొట్టు గుమాస్తా, డిగ్రీ ఫెయిలైన తమ్ముడు, అందరికీ ఇంటి ముందో స్నేహితుడి ఇంటి ముందో ఒక 100 సీసీ బండి. బజరంగ్ దళ్ పుట్టింది 1984లో. దాని పిలుపు అందుకునే వయసు పిల్లల చేతికి బండి అందుతున్న కాలం సరిగ్గా అదే. ఈ రెండూ కలవకపోతే తాడ్‌బండ్ దారిన ఇంత హారన్ మోత ఉండేది కాదు.

గణపతి జులూస్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. వినాయకుడు మట్టి బరువు, ప్లాస్టర్ బరువు. ఆయనకు లారీ కావాలి, క్రేన్ కావాలి, చివర చెరువు కావాలి. బండివాడు అక్కడ వెంట వచ్చేవాడే. హనుమంతుడి సంగతి వేరు. పెద్ద విగ్రహాల వాహనాలు ఒకటి రెండు ఉన్నా, స్వామి అసలు చోటు జెండాలో. భారతంలో అర్జునుడి రథం మీద ఆయన ఉన్నది అక్కడే కదా. వెనక కూర్చున్నవాడు వెదురు కర్రకు కాషాయం జెండా కట్టి పైకెత్తితే సెకండ్ హ్యాండ్ ప్యాషన్ బండి కూడా కపిధ్వజమే. విడిగా విగ్రహం అక్కర్లేదు, చందా అక్కర్లేదు, పెట్రోలు చాలు.

ఇప్పుడు ఆ గంటకు కిలోమీటరున్నర దగ్గరికి వద్దాం. బండి తోలేవాళ్లకు తెలుసు, వేగంగా తోలడం సులువు, నిదానంగా తోలడమే కష్టం. ఈ చిన్న బండ్ల ఇంజిన్లు గాలితో చల్లబడేవి. బండి కదిలితేనే సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలకు గాలి తగులుతుంది. చైత్రం ఎండలో, నారాయణగూడ వంతెన దగ్గర, ముందు చక్రం ఎదుటి బండి నంబర్ ప్లేటుకు తగులుతుండగా గంట నిలబడితే ఇంజిన్ మీద చెయ్యి పెట్టలేం. హాఫ్ క్లచ్‌లో జరుపుకుంటూ పోతుంటే క్లచ్ ప్లేట్లు కాలిన వాసన దారంతా వస్తుంది. ఆరితేరినవాళ్లు ఇంజిన్ ఆపేస్తారు. కాళ్లతో నేలను తంతూ జరుపుతారు, సందు దొరికినప్పుడే కిక్ కొడతారు. కొత్తవాళ్లు గుంపు ఆగినప్పుడల్లా యాక్సిలరేటర్ తిప్పి శబ్దం చేస్తారు. ముందు ఆగిపోయే బండ్లు వాళ్లవే.

చట్టం సంగతి చెప్పకపోతే అన్యాయం. 1988 మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం బండి మీద తోలేవాడు కాక ఒక్కడే ఎక్కాలి. 129వ సెక్షన్ ప్రకారం హెల్మెట్ ఉండాలి. ఆ ఒక్కరోజు ఈ దారిలో ముగ్గురెక్కినా, తలకు కాషాయం గుడ్డ తప్ప ఏమీ లేకున్నా అడిగే నాథుడు కనిపించడు. పోలీసుల చూపంతా వేరేచోట ఉంటుంది: దారిలోని మసీదులు, మైకులు, నినాదాలు, ఎదురు నినాదాలు. మద్యం దుకాణాలు మూయిస్తారు. ఒకప్పుడు సర్కారు సారా డిస్టిలరీ ఉన్న నారాయణగూడలో ఇది చిత్రమే. భక్తి ఎంతున్నా ఇంత జనంలో రక్షణ అనేది హెల్మెట్ దగ్గరే మొదలవ్వాలి. ఆర్టీసీ చౌరస్తాకు గుంపు అంటే ఏమిటో మళ్లీ చెప్పనక్కర్లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. ఆ కేసు చిక్కడపల్లి ఠాణాదే.

ఆ చౌరస్తా నుంచి ఎడమకు తిరిగితే అశోక్‌నగర్. మిగతా రోజుల్లో ఇది గ్రూప్స్ పరీక్షల పేట. నగర కేంద్ర గ్రంథాలయం, స్టడీ హాళ్లు, జిరాక్స్ సెంటర్లు, జిల్లాల నుంచి వచ్చి ఇరుకు గదుల్లో నలుగురేసి ఉండే పిల్లలు. ఊరేగింపును గోడవారన నిలబడి చూసేవాళ్లలో వాళ్లు చాలామంది. కరీంనగర్, జగిత్యాల వైపు పిల్లలకు ఆ రోజు మనసు ఇక్కడ ఉండదు. వాళ్ల హనుమంతుడు కొండగట్టులో ఉన్నాడు. మల్యాల మండలంలోని ఆ గుట్టకు చైత్ర పౌర్ణమి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమి పెద్ద జయంతి. నడుమ దాదాపు నలభై రోజులు, మండల దీక్షకు చాలినంత. హనుమజ్జయంతి ఎప్పుడనే వాదన తెలుగునాట ఇంకా తెగలేదు గానీ, కొండగట్టు మాత్రం రెండూ జరిపి ఊరుకుంది. కాషాయం బట్టల్లో దీక్షాపరులు నడిచీ వస్తారు, బండ్ల మీదా వస్తారు. కొత్త బండి కొంటే పూజ చేయించడానికి ఉత్తర తెలంగాణ పరిగెత్తేది అక్కడికే. చిన్న ఊరు, పెద్ద గుంపు, బారులు తీరిన బండ్లు అనే లెక్కలో స్టర్జిస్‌కు మన జవాబు అదే కావచ్చు.

2020లో మాత్రం చిక్కడపల్లి దారి ఊరేగింపును చూడలేదు. ఆ ఏడు చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 8న, లాక్‌డౌన్ నడుమ వచ్చింది. విచిత్రం ఏమిటంటే దాదాపు రెండు నెలల ముందే, ఫిబ్రవరి 7న, ఇదే రోడ్డు నెత్తిన జేబీఎస్ - ఎంజీబీఎస్ మెట్రో మొదలయింది. 11 కిలోమీటర్లు, 16 నిమిషాలు అని ప్రకటించారు. ఏప్రిల్ వచ్చేసరికి పైన రైలూ లేదు, కింద బండీ లేదు. ఆ ఆగస్టులో స్టర్జిస్ మాత్రం ఆగలేదు; నాలుగున్నర లక్షలకు పైగా వాహనాలు వచ్చాయి, వెంటే కరోనా కేసులూ, దాని మీద గొడవా. ఈ ఒక్క విషయంలో మన బస్తీ పిల్లలే బుద్ధిమంతులు అనిపించుకున్నారు, లాఠీ భయంతోనైనా సరే.

2023 ఆగస్టు 19న ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ వంతెన తెరిచారు. మాజీ హోంమంత్రి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. అప్పటి నుంచి ఆర్టీసీ చౌరస్తాలో రోడ్డు మీద మెట్రో, మెట్రో మీద వంతెన. ఊరేగింపు చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద నిలబడితే బండ్లు పక్కపక్కనే బిగుసుకుపోయి జెండాలే కనిపిస్తాయి, మనుషులు కనిపించరు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ స్టేషన్లో దిగి, అశోక్‌నగర్ వైపు మలుపు దాటి నిలబడండి. అక్కడ గుంపు కాస్త విడుతుంది, మొదటిసారి సెకండ్ గేరు పడుతుంది. సొంత బండి తీసుకెళ్లకండి, పార్కింగ్ దొరకదు.