గడ్డికోత ఇంజనుతో పుట్టిన పందెపుబండి

1956వ సంవత్సరమున దక్షిణ కాలిఫోర్నియాలో, ఇండియనాపొలిస్ పందెములకు మేలైన కార్లను నిర్మించి పేరువడసిన కర్టిస్ క్రాఫ్ట్ కర్మాగారమున పనిచేయుచుండిన ఆర్ట్ ఇంగెల్స్ అను నేర్పరి, తన పొరుగువాడైన లూ బొరెల్లి తోడ్పాటుతో, కొన్ని ఉక్కు గొట్టములను అతికి చట్రముగా చేసి, దాని వెనుక గడ్డికోత యంత్రములకై తయారై మిగిలిపోయిన 2.5 అశ్వశక్తి గల వెస్ట్ బెండ్ ఇంజనును బిగించి, నేలకు జానెడెత్తున కూర్చుండి నడుపదగిన యొక చిన్న బండిని, అనగా మొదటి కార్టును, సిద్ధము చేసెను. దానికి స్ప్రింగులు లేవు, గేర్లు లేవు, పైకప్పు లేదు. అప్పటికి మహావేగముగల పందెపు కార్లను చేతులారా నిర్మించుచుండిన శిల్పి, తన వినోదమునకై ఇంత అల్పశక్తిగల యంత్రమును ఎన్నుకొనుట నాకు మిక్కిలి అర్థవంతముగా తోచును. నేడు పందెములలో అడుగిడనెంచు యువకుడు మొట్టమొదట వేయు ప్రశ్న "ఏ కార్టు కొనవలెను?" అనునది. ఆ ప్రశ్నకు సమాధానము అంగడిలో కంటె ఈ బండి చరిత్రలోనే స్పష్టముగా కనబడుచున్నది. ఏలయన కార్టు చరిత్ర యంతయు వేగతృష్ణకును ప్రవేశసౌలభ్యమునకును నడుమ సాగిన పెనుగులాటయే.

ఇంగెల్స్ బండిని పొమోనా పందెముల వద్ద చూచినవారు ఊరకుండలేదు. పాసడీనా పట్టణమున రోజ్ బౌల్ క్రీడాంగణము చెంత కార్లు నిలుపు విశాలమైన ఆవరణలో ఔత్సాహికులు తాము స్వయముగా చేసికొనిన బండ్లతో చేరి పరుగులు తీయుచుండగా, మఫ్లర్ల దుకాణము నడుపుకొనుచుండిన డఫీ లివింగ్‌స్టన్, అతని భాగస్వామి రాయ్ డెస్‌బ్రో, వారితో చేరిన బిల్ రౌల్స్ అను ముగ్గురు ఈ సరదాలో ఒక వ్యాపారమును దర్శించి, అజూసా పట్టణమున గో కార్ట్ తయారీ సంస్థను నెలకొల్పిరి. వారు అమ్మినది పూర్తియైన బండి కాదు. 129 డాలర్లకు విడిభాగముల కట్ట. కొన్నవాడు తన ఇంటి వెనుక కొట్టములో రెంచి చేతబట్టి తానే దానిని కూర్చుకొనవలసి యుండెను. ఇది వర్తకులు ఖర్చు తగ్గించుకొనుటకు చేసిన ఏర్పాటే కావచ్చును గాని, దాని వలన కలిగిన మేలు గొప్పది: ఆ తరమున పందెమునకు దిగిన ప్రతి క్రొత్తవాడును తన బండిలోని బోల్టు బోల్టును ఎరిగియుండెను.

వేగతృష్ణ ఎంతోకాలము నిద్రింపలేదు. చెట్లు కోయు రంపపు యంత్రములను తయారుచేయు మెకల్లక్ సంస్థ తన ఇంజనునే మార్చి ఎంసీ-10 అను పేర కార్టులకు ప్రత్యేకముగా అందింపసాగెను; ఒక్క ఇంజను చాలక రెండింటిని బిగించుకొనిన వారును బయలుదేరిరి. అమెరికా వైమానిక దళపు సైనికులతో కార్టు అట్లాంటిక్ దాటి ఐరోపాకు చేరెను. ఇటలీ దేశస్థులు దానిని వినోదవస్తువుగా గాక యొక శిల్పముగా స్వీకరించిరి. 1962లో అంతర్జాతీయ కార్టింగు సంఘము ఏర్పడెను. 1964లో రోము నగరమున జరిగిన మొదటి ప్రపంచ పోటీలో గ్విడో సాలా అను ఇటలీవాడే విజేత యయ్యెను.

ఇచ్చట ఇటలీవారి పనితనమును గూర్చి కొంత వివరింపక తప్పదు. మన ఎడ్లబండి మలుపు తిరుగునపుడు ఇరుసు కదలక యుండగా చక్రములు రెండును దేనికది వేరువేరు వేగములతో తిరుగును. కార్టులోనో, వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసునకు బిగింపబడి దానితోపాటే తిరుగును. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ దూరము పోవలెను, లోపలిది తక్కువ పోవలెను. రెండును కట్టుబడియున్నందున బండి తిరుగ నిరాకరించి ముందునకే దూసికొనిపోవ జూచును. కనుక లోపలి వెనుక చక్రము క్షణకాలము నేలనుండి లేవవలెను. స్టీరింగు త్రిప్పినపుడు ముందరి లోపలి చక్రము క్రిందికి నొక్కుకొనునట్లును, ఆ ఒత్తిడికి గొట్టముల చట్రము ఇంచుక మెలిపడి వెనుక చక్రమును ఎత్తునట్లును కూర్చుటలోనే ఈ శిల్పుల ప్రజ్ఞ యంతయు నిమిడియున్నది. స్ప్రింగులు లేని బండికి చట్రమే స్ప్రింగు. గొట్టపు వ్యాసము రెండు మిల్లీమీటర్లు మారినను బండి స్వభావము మారునన్నచో, క్రొత్తవాడు ఇంజను అశ్వశక్తినొక్కదానినే విచారించి తృప్తిపడుట ఎంత పొరపాటో వేరుగ చెప్పనక్కరలేదు.

తరువాతి దశాబ్దములలో ప్రపంచస్థాయి పోటీలను 100 సీసీ రెండు స్ట్రోకుల ఇంజను ఏలెను. దానికి క్లచ్చి లేదు; చైను తిన్నగా ఇరుసునకే తగిలియుండెను. బండిని వెనుకనుండి నెట్టుకొని పరుగెత్తి బయలుదేరదీయవలెను; మలుపులో గిర్రున తిరిగి ఆగినచో ఇంజనును ఆగిపోవును. నిమిషమునకు 20,000 చుట్ల చెంతకు పోవు ఆ ఇంజను వేడికి బిగిసిపోకుండుటకై, నడుపువాడు తిన్నని దారి చివర ఒక చేతితో కార్బ్యురేటరు గాలిద్వారమును మూయుచు, రెండవ చేతితో స్టీరింగు పట్టెడివాడు. అద్భుతమైన విద్యయే; కాని తొలిమెట్టు కాదు. బ్రెజిలు దేశపు ప్రఖ్యాత పందెగాడు అయర్టన్ సెన్నా అంతటివాడును, నాలుగేండ్ల ప్రాయమున తండ్రి చేసి యిచ్చిన ఒక్క అశ్వశక్తి గడ్డికోత ఇంజను బండితో మొదలిడి, ఈ కఠిన విద్యను అభ్యసించి, 1979, 1980 సంవత్సరముల ప్రపంచ పోటీలలో రెండవ స్థానముతోనే సరిపెట్టుకొనవలసి వచ్చెను.

ఇంజనులు ఇట్లు సున్నితములై, గెలుపు నిపుణుడైన మెకానిక్కు చేతిలోనికి జారిపోగా, మరల ఒకరు ద్వారము తెరువవలసిన అవసరము కలిగెను. ఆస్ట్రియాకు చెందిన రోటాక్స్ సంస్థ 1997లో వెలువరించిన మ్యాక్స్ ఇంజను ఆ పనిచేసెను: 125 సీసీ, నీటితో చల్లబడును, మీట నొక్కిన బయలుదేరును, క్లచ్చి యుండుటచే ఆగిపోదు. అన్నిటికంటె ముఖ్యముగా దానికి ముద్ర వేసి యిత్తురు; అధికృత కేంద్రమున తప్ప విప్పరాదు. ధనవంతుడు రహస్యముగా మార్చి బలము పెంచుకొనుటకు వీలు లేకపోగా, ప్రక్కవానితో తన నేర్పునే సరిపోల్చుకొను భాగ్యము క్రొత్తవానికి లభించెను. మన దేశపు జాతీయ పోటీలలోను ఈ రోటాక్స్ మ్యాక్స్ తరగతులు నెలకొని, బాలురకు మైక్రో, జూనియర్, పెద్దలకు సీనియర్ అని వయస్సు ననుసరించి విభజింపబడినవి. అమెరికాలో బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారి ముద్రవేసిన నాలుగు స్ట్రోకుల ఇంజను ఇదే న్యాయమును ఇంకను చౌకగా నెరవేర్చుచున్నది.

కావున తొలి కార్టు కొనువాడు ముందుగా తన సమీపపు ట్రాకునకు పోయి, అచ్చట ఎక్కువమంది ఏ ఇంజనుతో పందెమాడుచున్నారో చూచి, దానినే కొనవలెను. ఎంత గొప్ప ఇంజనైనను తోడుపందెగాండ్రు లేనిచో ఇంటిలో వస్త్రము కప్పుకొని యుండవలసినదే. క్రొత్తబండి కంటె వాడినది మేలనుటకు నేను వెనుదీయను. కాని దానిని తలక్రిందులు చేసి చూడవలెను. అడుగు గొట్టములు ట్రాకు అంచులకు రాసికొని చదునైపోయిన చట్రము తన సాగుగుణమును కోల్పోయియుండును. వంగిన ఇరుసు చక్రము త్రిప్పినంతనే ఊగిసలాడి తన దోషమును తెలుపును. సీటు విషయమున మాత్రము పొదుపు తగదు: నడుపువాని బరువే ఈ బండి బరువులో పెద్దపాలు గనుక, వాని నడుమునకు సరిపడని సీటు ప్రక్కటెముకలను నొప్పించుటయే గాక, చక్రము లేచు లెక్కనంతయు చెడగొట్టును. మిగిలిన ధనమును టైర్లకై నిలువ ఉంచుకొనవలెను. మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోవును. గట్టి రబ్బరును విధించు తరగతిలో చేరినవానికి అదే ఖర్చుతో ఎక్కువ దినములు ట్రాకుపై గడచును.