రాజులు మారారు, గల్లాపెట్టె మారలేదు



ర్యాప్ గురించి రాయమని హాస్టల్ పిల్లలు చాలా రోజులుగా అడుగుతున్నారు. వాళ్ళ మధ్య ఎప్పుడూ ఒకటే గొడవ. టుపాక్ గొప్పా, బిగ్గీ గొప్పా? కెండ్రిక్ గొప్పా, డ్రేక్ గొప్పా? ఆ గొడవలో నేనూ కూర్చుంటాను. కానీ నాకు దానికంటే ముఖ్యమనిపించే ప్రశ్న ఇంకోటుంది. నిన్న రాజులా వెలిగినవాడు ఇవాళ ఎందుకు కనపడడం లేదు? "వాడి టైమ్ అయిపోయింది", "సరుకు అయిపోయింది" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. 50 ఏళ్ళ ర్యాప్ చరిత్రని వరసగా పెట్టి చూస్తే అది అంత తేలిక విషయం కాదని అర్థమవుతుంది. పెద్ద స్టార్ పడిపోయిన చాలా సార్లు కింద నేల కదిలింది. పాట వినే చోటు మారింది, లేదా పాట చేసే మెషీన్ మారింది, లేదా చట్టం మారింది. కాగితం ఎవరి పేరు మీద ఉంటే డబ్బు వాళ్ళకే వెళ్ళడం మాత్రం మారలేదు. పొడవు పోస్టు. ఓపిగ్గా చదవండి.

మొదటి నుంచీ మొదలుపెడదాం. 1973 ఆగస్టు 11, న్యూయార్క్‌లోని బ్రాంక్స్. హైవే కోసం మధ్యలోంచి కోసేసిన ప్రాంతం అది. ఇన్సూరెన్స్ డబ్బుల కోసం ఓనర్లే బిల్డింగులు తగలబెట్టించిన కాలం. నగరమేమో ఖర్చు తగ్గించుకోవాలని ఫైర్ స్టేషన్లు మూసేసింది. అక్కడ 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్‌లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, స్కూళ్ళు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలని ఒక పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్. జమైకా నుంచి వలస వచ్చిన 18 ఏళ్ళ కుర్రాడు. లోకానికి అతను డీజే కూల్ హెర్క్.

పాటలో అందరూ ఊగేది డ్రమ్స్ ఒక్కటే మోగే చోట అని హెర్క్ పట్టుకున్నాడు. ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని ఆ ముక్కనే సాగదీశాడు. హిప్‌హాప్ పుట్టుక అదే. గమనించండి, అప్పుడు రాజు డీజే. మైకు పట్టుకున్నవాడు డీజేని పొగడడానికి, జనాన్ని హుషారు చెయ్యడానికి ఉన్న మనిషి. ఎవరి స్పీకర్లు పెద్దవైతే వాళ్ళదే రాజ్యం. హెర్క్ స్పీకర్ల ముందు ఎవరూ నిలబడలేకపోయేవారు.

1977లో ఒక పార్టీలో గొడవ ఆపబోతే హెర్క్‌ని కత్తితో పొడిచారు. ఆయన వెనక్కి తగ్గాడు. అప్పటికే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అదే పనిని ఇంకా కచ్చితంగా, బీటు తప్పకుండా చెయ్యడం నేర్చాడు. ఇంతటి హెర్క్‌కి ఆ రోజుల్లో తన పేరు మీద ఒక్క రికార్డు కూడా లేదు. ఆయన చేసినదంతా గాల్లో కలిసిపోయే పని. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ని గౌరవించింది 2023లో. అంటే ఆ పార్టీ జరిగిన 50 ఏళ్ళకి.

ఇక 1979. సిల్వియా రాబిన్సన్ అనే నల్లజాతి మహిళ, తనూ గాయనే, న్యూజెర్సీలో షుగర్ హిల్ రికార్డ్స్ నడుపుతోంది. ఈ ర్యాప్ అనేదాన్ని రికార్డు చేసి అమ్మొచ్చని ఆమెకు తట్టింది. బ్రాంక్స్‌లో పేరున్న వాళ్ళెవరూ అందులో లేరు. దగ్గర్లో దొరికిన ముగ్గురు కుర్రాళ్ళని పోగేసి షుగర్‌హిల్ గ్యాంగ్ అని పేరు పెట్టింది. ఆ ముగ్గురిలో హ్యాంక్ పిజ్జా కొట్టులో పనిచేసేవాడు. అతను చదివిన చరణాలు గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ అనే బ్రాంక్స్ కవి నోటుబుక్కులోవి. ఎంత తొందరపాటో చూడండి, అందులో క్యాజ్ తన స్టేజీ పేరు అక్షరాలు విడగొట్టి చెప్పుకున్న చోటు కూడా మార్చకుండా అలాగే చదివేశాడు! "రాపర్స్ డిలైట్" అమెరికా పాప్ చార్టులో 36వ స్థానానికి వెళ్ళింది. ప్రపంచానికి ర్యాప్ అంటే ఏంటో తెలిసింది ఆ పాటతోనే. పాట మీద క్యాజ్ పేరు లేదు. క్యాజ్ చేతికి డబ్బూ రాలేదు. పాట పుట్టిన వాడ ఒకటి, పాట మీద పడిన పేరు ఇంకొకటి కావడం మన దగ్గర మాత్రం కొత్తా?

ఆ రికార్డుతో ఇంకో మార్పు కూడా వచ్చింది. స్టూడియోలో బ్యాండు వాళ్ళే బీటు వాయించేశారు. డీజే అవసరం లేకుండా పోయింది. ఆరేళ్ళ రాజ్యాన్ని ఒక్క రికార్డు కూల్చేసింది. డీజేలకి చేతకాక కాదు. పాట పార్టీలోంచి షాపులోకి వెళ్ళిపోయింది, అంతే.

ప్రతి ఓటమీ ఇలాంటిదే అని నేననడం లేదు. న్యాయమైన ఓటములూ ఉన్నాయి. 1981 డిసెంబర్‌లో హార్లెమ్ వరల్డ్ క్లబ్బులో బిజీ బీ అనే ఎమ్‌సీ, జనం చేత కేకలు పెట్టించడంలో అతన్ని మించినవాడు లేడు, తనని ఎవరూ ఓడించలేరని గొప్పలు పోయాడు. కూల్ మో డీ మైకు అందుకుని, ఒక్కో మాటతో అతన్ని జనం ముందే విప్పి పెట్టాడు. దాని క్యాసెట్ కాపీల మీద కాపీలై ఊరంతా తిరిగింది. ఆ రాత్రి తర్వాత ఊరికే "చేతులెత్తండి" అంటే సరిపోని రోజులు వచ్చాయి. రాయడం వచ్చుండాలి. కళలో ఇలాంటి పోటీ ఉండాల్సిందే. ఒకడు ఓడితే భాష ఒక మెట్టు ఎక్కింది. 1987లో రాకిమ్ వచ్చి, అరవకుండా, నింపాదిగా, పాదం మధ్యలో కూడా ప్రాసలు పేర్చి చూపించాక అంతకుముందు వాళ్ళు పాతబడినట్టు వినిపించారు. అది రాకిమ్ చెమట. దానికి దణ్ణం పెట్టాలి.

ఇంకోవైపు 1982లో వచ్చిన "ది మెసేజ్" సంగతి చూడండి. వాడల్లో బతుకు ఎంత నరకమో చెప్పిన మొదటి పెద్ద ర్యాప్ పాట. కవర్ మీద గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పేరు పెద్దగా ఉంటుంది. కానీ అందులో ఫ్లాష్ చేతిపని లేదు. చరణాలు చెప్పింది మెల్లీ మెల్, డ్యూక్ బూటీ. మరుసటి ఏడాదే రాయల్టీల కోసం, తన పేరు కోసం ఫ్లాష్ కంపెనీ మీద కోర్టుకెళ్ళాడు. గ్రూపు రెండుగా చీలింది. వాళ్ళు కోర్టు మెట్లెక్కుతున్న అదే 1983లో క్వీన్స్ నుంచి రన్-డీఎంసీ దిగారు. మెరుపుల బట్టలు, బూట్లు లేవు. నల్ల టోపీ, లేసుల్లేని అడిడాస్ షూ. బ్యాండు కూడా లేదు. ఒక డ్రమ్ మెషీన్, రెండు గొంతులు. ఖర్చు తక్కువ, దెబ్బ గట్టిది. 1986లో వాళ్ళ "రైజింగ్ హెల్" 10 లక్షల కాపీలు దాటిన మొదటి ర్యాప్ ఆల్బమ్ అయింది. మూడేళ్ళలో పాత తరం మొత్తం పాతసామాను లెక్కలోకి వెళ్ళిపోయింది.

అమ్మాయిల కథ వేరే చెప్పాలి. 1984లో క్వీన్స్‌బ్రిడ్జ్ కాలనీలో 14 ఏళ్ళ రోక్సాన్ షాంటే, మగపిల్లల గ్రూపు ఒకటి అమ్మాయిని ఎగతాళి చేస్తూ కట్టిన పాటకి జవాబు చెప్పింది. ఆ జవాబుకి జవాబులుగా డజన్ల కొద్దీ రికార్డులు వచ్చాయి. అంటే ఒక మార్కెట్‌నే పుట్టించింది ఆ పిల్ల. మగవాళ్ళకి పది కుర్చీలున్న పరిశ్రమలో ఆడవాళ్ళకి ఒక్క కుర్చీ వేసి, "రాణి ఎవరు" అని కొట్టుకోమన్నారు. లిల్ కిమ్‌కి నిక్కీ మినాజ్‌ని, నిక్కీకి కార్డీ బీని ఎదురు నిలబెట్టిన తీరు చూడండి. ఆ కుర్చీ ఒక్కటే ఎందుకుందని అడిగినవాళ్ళు తక్కువ.

1991 దగ్గర కాస్త ఆగాలి. ఆ ఏడాది రెండు సంగతులు జరిగాయి.

మొదటిది లెక్క. అప్పటిదాకా ఏ ఆల్బమ్ ఎక్కువ అమ్ముడైందో షాపులవాళ్ళు నోటితో చెప్పిందే చార్టు. మే నెలలో సౌండ్‌స్కాన్ వచ్చింది. బార్‌కోడ్ గీకి నిజంగా అమ్మిన కాపీలు లెక్కపెట్టారు. జూన్‌లో ఎన్‌డబ్ల్యూఏ ఆల్బమ్ అమెరికాలో నంబర్ వన్ అయింది. రెండేళ్ళ క్రితం ఎఫ్‌బీఐ అధికారి వాళ్ళ రికార్డు కంపెనీకి ఉత్తరం రాసి నిరసన తెలిపిన గ్రూపది. వినేవాళ్ళు ముందు నుంచీ ఉన్నారు. లెక్కలోకి రాలేదంతే. ఐతే లెక్కలోకి రాగానే పెద్ద కంపెనీలూ పెద్ద డబ్బులతో వచ్చి కూర్చున్నాయి. ఈలోపు ఆ గ్రూపే ముక్కలైంది. రాసిన ఐస్ క్యూబ్ డబ్బు లెక్కలు కుదరక 1989లోనే బయటికొచ్చాడు. బీటు కట్టిన డాక్టర్ డ్రే 1991లో బయటికొచ్చాడు.

రెండోది చట్టం. అదే డిసెంబర్‌లో బిజ్ మార్కీ అనే సరదా మనిషి పాత పాట ముక్క ఒకటి అనుమతి లేకుండా వాడాడని న్యూయార్క్ కోర్టు తీర్పిచ్చింది. పాత రికార్డుల్లోంచి ముక్కలు తీసి కొత్త పాట కుట్టడాన్ని శాంపిలింగ్ అంటారు. కొనడానికి వాయిద్యాల్లేని పిల్లలు కనిపెట్టిన విద్య అది. తీర్పు తర్వాత ప్రతి ముక్కకీ లైసెన్సు, ప్రతి లైసెన్సుకీ రేటు. ఒక్క పాటలో పదుల ముక్కలు పేర్చే పబ్లిక్ ఎనిమీ పద్ధతి ఇక గిట్టుబాటు కాదు. ఒక శైలి రేటు కట్టలేక చచ్చిపోయింది. జనం మాత్రం "పబ్లిక్ ఎనిమీ టైమ్ అయిపోయింది" అన్నారు.

డి లా సోల్ కథ ఇంకా బాధాకరం. 1989లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ ఒక తరాన్ని ఊపేసింది. ఫోన్లలో పాటలు వినే కాలం వచ్చేసరికి ఆ శాంపిల్స్ హక్కుల చిక్కులవల్ల, కంపెనీతో గొడవలవల్ల వాళ్ళ పాటలు స్ట్రీమింగ్‌లో లేవు. పాట ఫోన్‌లో లేకపోతే పిల్లలకి ఆ గ్రూపు లేనట్టే. చివరికి 2023 మార్చి 3న వచ్చాయి. గ్రూపులో ఒకడైన డేవిడ్ జోలికోర్ అదే ఏడాది ఫిబ్రవరి 12న చనిపోయాడు. మూడు వారాలు కూడా తేడా లేదు.

ఎమ్‌సీ హ్యామర్‌ని నవ్వులాటగా చెప్పుకుంటారు. ఓక్లాండ్‌లో కారు డిక్కీలోంచి సొంత రికార్డులు అమ్ముకుంటూ పైకొచ్చిన మనిషి. 1990లో అతని ఆల్బమ్ 21 వారాలు నంబర్ వన్. నవంబర్‌లో ఆ కుర్చీ లాక్కున్నది వెనిల్లా ఐస్ అనే తెల్ల కుర్రాడు, 16 వారాలు దిగలేదు. అమెరికా పాప్ చార్టులో మొట్టమొదటి నంబర్ వన్ ర్యాప్ పాట కూడా అతనిదే. నల్లవాళ్ళు 17 ఏళ్ళు మోసిన పల్లకీలో ముందు ఎవరు కూర్చున్నారో చూడండి. అతనూ ఎంతో కాలం నిలవలేదు. హ్యామర్ 1996లో దివాలా తీశాడు. వందల మందికి ఉద్యోగం ఇచ్చి, తన వాళ్ళందరినీ వెంట తీసుకెళ్ళాలని చూసి మునిగాడు. దుబారా అని నవ్వేవాళ్ళు ఆ సంగతి చెప్పరు.

తర్వాత చావులు. టుపాక్ 1996 సెప్టెంబర్‌లో, 25 ఏళ్ళకి. బిగ్గీ 1997 మార్చి 9న, 24 ఏళ్ళకి. బిగ్గీ ఆల్బమ్ 16 రోజుల తర్వాత షాపుల్లోకొచ్చి నంబర్ వన్ అయింది. టుపాక్ పేరుతో ఏళ్ళ తరబడి ఆల్బమ్‌లు వస్తూనే ఉన్నాయి. స్టార్ బతికి లేకపోయినా టేపు బతికుంటే వ్యాపారం ఆగదని కంపెనీలకి అర్థమైంది. చచ్చినవాడు రాయల్టీ పెంచమని గొడవ కూడా చెయ్యడు.

అదే 1996లో అమెరికా టెలికాం చట్టం మార్చి, ఒక కంపెనీ దేశంలో ఎన్ని రేడియో స్టేషన్లైనా కొనొచ్చని వదిలేసింది. క్లియర్ ఛానల్ అనే ఒక్క కంపెనీ చేతిలోకి 1,200కి పైగా స్టేషన్లు వెళ్ళాయి. ఊరి రేడియోలో ఊరి కుర్రాడి పాట వినపడే దారి మూసుకుపోయింది. ఆ గోడని ఇంటర్నెట్ పగలగొట్టింది. 2007లో సోల్జా బాయ్ అనే 17 ఏళ్ళ పిల్లాడు కంప్యూటర్‌లో బీటు కట్టుకుని, నెట్‌లో పెట్టి నంబర్ వన్ అయ్యాడు. అదే సెప్టెంబర్‌లో 50 సెంట్, కాన్యే వెస్ట్ ఒకేరోజు ఆల్బమ్‌లు దించారు. మొదటి వారం కాన్యే సుమారు 9,57,000, 50 సెంట్ సుమారు 6,91,000. తుపాకీ గాయాలు చూపించి అమ్మే ర్యాప్ కాలం ఆ వారంతో ముగిసిందని అందరూ రాశారు. ఎవరూ పెద్దగా రాయని సంగతి ఒకటుంది. ఆ రెండు ఆల్బమ్‌లూ యూనివర్సల్ అనే ఒకే కంపెనీ గూటిలోవి.

2024లో కూడా అదే. కెండ్రిక్, డ్రేక్ ఒకరిమీద ఒకరు పాటలు వదులుతుంటే ప్రపంచమంతా రెండు జట్లుగా చీలింది. మన హాస్టళ్ళు కూడా చీలాయి. కెండ్రిక్ గెలిచాడు. 2025 ఫిబ్రవరిలో ఆ పాటకి ఐదు గ్రామీలు, వెంటనే సూపర్ బౌల్ వేదిక. ఇద్దరి పాటలూ ప్రపంచానికి అమ్మేది మళ్ళీ యూనివర్సలే. డ్రేక్ 2025 జనవరిలో కేసు వేసింది కెండ్రిక్ మీద కాదు, ఆ కంపెనీ మీద. కోడిపందెంలో ఏ కోడి గెలిచినా బరి గడ్డినవాడికి నష్టం లేదు.

మరి నిలబడినవాళ్ళు లేరా? ఉన్నారు. న్యూ ఆర్లీన్స్‌లో మాస్టర్ పీ 1996లో కంపెనీతో ఒప్పందం రాసుకున్నప్పుడు మాస్టర్స్, అంటే అసలు రికార్డింగుల హక్కు, తన దగ్గరే ఉంచుకున్నాడు. పంచిపెట్టే పని మాత్రమే వాళ్ళకిచ్చాడు. జే-జీకి ఏ లేబులూ సరిగ్గా దారి ఇవ్వకపోతే 1995లో స్నేహితులతో కలిసి సొంత లేబుల్ పెట్టుకున్నాడు. తర్వాత డెఫ్ జామ్ అధ్యక్ష పదవి తీసుకునేటప్పుడు తన మాస్టర్స్ తిరిగి తనకొచ్చేలా రాయించుకున్నాడు. వీళ్ళు క్యాజ్ కంటే గొప్పగా రాశారని నేననను. కాగితం చదివారు.

ఐతే ఒక మనిషి బిలియనీర్ ఐతే వాడ బాగుపడిందని పొరబడొద్దు. 1520 సెడ్జ్‌విక్ అవెన్యూని హిప్‌హాప్ పుట్టిల్లుగా న్యూయార్క్ రాష్ట్రం 2007లో గుర్తించింది. సరిగ్గా అప్పుడే అందులో అద్దెకుండే పేద కుటుంబాలు, బిల్డింగు అమ్మేస్తే అద్దెలు పెరిగి రోడ్డున పడతామని పోరాడుతున్నాయి. అప్పటికి ర్యాప్ వందల కోట్ల డాలర్ల వ్యాపారం.

మన దగ్గర ర్యాప్ రాస్తున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పేది ఇంతే. ఎవరు గొప్పో కొట్టుకోండి, బాగానే ఉంటుంది. రాకిమ్‌లా రాత్రుళ్ళు కూర్చుని రాయండి. కానీ మీ పాట ఎవరైనా అడిగితే, సంతకం పెట్టేముందు ఆ కాగితం ఇద్దరు చదువుకున్నవాళ్ళకి చూపించండి. మాస్టర్స్ ఎవరి పేరు మీద ఉన్నాయో, ఎన్నేళ్ళకో అడగండి. రాసిన ప్రతి చరణం కింద పేరు, తారీఖు వేసుకోండి. మీ నోటుబుక్కు అరువివ్వకండి.