పాత డీవీడీ.. పెద్ద టీవీ: అప్‌కన్వర్టింగ్ ప్లేయర్ కొంటే బొమ్మ నిజంగా బాగుపడుతుందా?

ఇంట్లోకి 43 అంగుళాల టీవీ వచ్చేసింది. పాత డీవీడీల పెట్టె మాత్రం అటక మీద అలాగే ఉంది. అందులో అభిమాన హీరో సినిమాలు, పిల్లల పుట్టినరోజులు, పెళ్లి వీడియో.. అన్నీ ఉన్నాయి. తీరా డిస్క్ పెట్టి చూస్తే బొమ్మంతా మసకమసక. మొహాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఇలాంటి వాళ్లకు షాపుల్లో వినిపించే సలహా ఒకటే.. ‘1080పి అప్‌కన్వర్టింగ్ డీవీడీ ప్లేయర్ తీసుకోండి, హెచ్‌డీ క్వాలిటీ వస్తుంది’ అని. తక్కువ ధర ప్లేయర్ల డబ్బాల మీద కూడా ఇదే మాట పెద్ద అక్షరాలతో ఉంటుంది. మరి ఇందులో నిజమెంత? ఎవరికి ఉపయోగం? కొన్నాక ఏం సెట్ చేసుకోవాలి? ఇప్పుడు చూద్దాం.

అప్‌కన్వర్టింగ్ అంటే ఏంటి?

డీవీడీ 1996లో జపాన్‌లో మార్కెట్లోకి వచ్చింది. అప్పటికి ఇళ్లలో ఉన్నవన్నీ పిక్చర్ ట్యూబ్ టీవీలే. డిస్క్‌లోని బొమ్మ కూడా ఆ టీవీలకు తగ్గట్టే తయారైంది. మన దేశంలో వాడే పాల్ పద్ధతిలో ఒక్కో ఫ్రేమ్‌లో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు ఉంటాయి. మొత్తం కలిపితే 4,14,720.

ఇప్పుడు ఫుల్ హెచ్‌డీ టీవీ సంగతి చూడండి. 1920 ఇంటూ 1080.. అంటే 20,73,600 చుక్కలు. సరిగ్గా ఐదు రెట్లు! డిస్క్‌లో ఉన్న బొమ్మతో అంత పెద్ద తెర నింపాలంటే ప్రతి ఐదు చుక్కల్లో నాలుగింటిని ఎవరో ఒకరు లెక్కగట్టి తయారు చేయాల్సిందే. పక్క చుక్కల రంగు, వెలుతురు చూసి మధ్యలో ఏముండాలో ఊహించి నింపే ఈ పనినే అప్‌కన్వర్టింగ్ లేదా అప్‌స్కేలింగ్ అంటారు. 4కే టీవీ అయితే తేడా ఏకంగా 20 రెట్లు. ఇరవైలో పందొమ్మిది చుక్కలు లెక్కతో పుట్టినవే.

అసలు విషయం ఇక్కడే ఉంది. అప్‌కన్వర్టింగ్ వల్ల కొత్త వివరం రాదు. పట్టుచీర అంచులో సన్న జరీ గీతలు డిస్క్‌లోకి ఎక్కకపోతే, వాటిని ఏ ప్లేయరూ తిరిగి తేలేదు. అంచులు కాస్త నున్నగా, బొమ్మ కాస్త తేటగా కనిపిస్తుంది.. అంతే.

పెద్ద కంపెనీలు కూడా ఈ దారి ప్రయత్నించాయి. బ్లూ-రేతో పోటీలో ఓడిపోయిన తోషిబా 2008 ఫిబ్రవరిలో తన హెచ్‌డీ డీవీడీ ఫార్మాట్‌ను వదిలేసింది. అదే ఏడాది ఆగస్టులో ఎక్స్‌డీ-ఈ500 అనే అప్‌కన్వర్టింగ్ ప్లేయర్‌ను అమెరికాలో 149.99 డాలర్లకు తెచ్చింది. మామూలు డీవీడీనే మరింత స్పష్టంగా చూపిస్తామని చెప్పింది. అయినా నిజమైన హెచ్‌డీ డిస్క్ స్థానాన్ని అది భర్తీ చేయలేకపోయింది.

టీవీ కూడా అదే పని చేస్తుంది

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. హెచ్‌డీ టీవీ ఏదైనా సరే, చిన్న సైజు బొమ్మ వస్తే దాన్ని తెర నిండా సాగదీసే చిప్ అందులోనే ఉంటుంది. అంటే ప్లేయర్ అప్‌కన్వర్ట్ చేయకపోయినా ఆ పని టీవీ చేస్తుంది. ఖరీదైన టీవీలో ఉండే చిప్, చవక ప్లేయర్ చిప్ కంటే మెరుగ్గా ఉండే అవకాశమే ఎక్కువ.

మరి చవక ప్లేయర్ కొన్నవాళ్లు ‘బొమ్మ మారిపోయింది’ అని ఎందుకంటారు? కారణం కేబుల్!

పాత ప్లేయర్లను పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ కేబుల్‌తో కలుపుతారు. బొమ్మ మొత్తం వెళ్లేది పసుపు వైరు ఒక్కదాని గుండానే. వెలుతురు, రంగు రెండూ కలగలిసి వెళ్తాయి. టీవీ వాటిని మళ్లీ విడదీయాలి. ఆ క్రమంలో ఎర్ర రంగు పక్కకు కారినట్టు, అంచుల మీద చుక్కలు పాకుతున్నట్టు కనిపిస్తుంది. హెచ్‌డీఎంఐలో ఈ గొడవ లేదు. డిస్క్‌లోని డిజిటల్ బొమ్మ డిజిటల్‌గానే టీవీకి చేరుతుంది. కాబట్టి కంటికి కనిపించే తేడాలో ఎక్కువ భాగం 1080పి అంకెది కాదు.. హెచ్‌డీఎంఐ కేబుల్‌ది.

ఒక మెలిక కూడా ఉంది. కాపీ రక్షణ ఉన్న సినిమా డిస్కులను ప్లేయర్లు హెచ్‌డీఎంఐ ద్వారానే 1080పికి పెంచి పంపుతాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిన్నుల కాంపొనెంట్ కేబుల్‌లో అయితే సాధారణంగా 576పి దగ్గరే ఆపేస్తాయి. డబ్బా మీద 1080పి అని ఉన్నా ఇది మర్చిపోవద్దు.

ఇంటికి తెచ్చాక ఇవి మార్చండి

ప్లేయర్ కొని కేబుల్ తగిలిస్తే సరిపోదు. సెటప్ మెనూలో కొన్ని మార్పులు చేస్తేనే పెట్టిన డబ్బుకు ఫలితం.

మొదటిది, టీవీ టైప్‌ను 16:9కు మార్చాలి. చాలా ప్లేయర్లలో ఇది పాత టీవీల 4:3 మీదే ఉంటుంది. అలా వదిలేస్తే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు.

రెండోది, రిజల్యూషన్. ఒకసారి 576పి, ఒకసారి 1080పి పెట్టి ఒకే సీన్ చూడండి. 576పి బాగుంటే టీవీ చిప్ మెరుగైనదని అర్థం. అప్పుడు ఆ పని టీవీకే వదిలేయండి.

మూడోది, టీవీలో షార్ప్‌నెస్ తగ్గించాలి. ఎక్కువ పెడితే మొహాల చుట్టూ తెల్లటి గీతలు వస్తాయి.

నాలుగోది, సౌండ్. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ప్లేయర్ పాడైందనుకోవద్దు. ఆడియో సెట్టింగ్ ‘రా’ లేదా ‘బిట్‌స్ట్రీమ్’ మీద ఉంటే ‘పీసీఎం’కు మార్చి చూడండి. ఎక్కువసార్లు అక్కడే పని అయిపోతుంది.

తలంబ్రాల సీన్‌లో దువ్వెన పళ్లు

పెళ్లి వీడియోల్లో ఇంకో సమస్య కనిపిస్తుంది. పాత వీడియో కెమెరాలు సెకనుకు 50 సగం బొమ్మలు తీసేవి. ఒకసారి బేసి గీతలు, తర్వాత సరి గీతలు. ఈ రెండింటి మధ్య సెకనులో 50వ వంతు తేడా ఉంటుంది. నిదానంగా కూర్చున్న పురోహితుడు బాగానే కనిపిస్తాడు. తలంబ్రాలు పోసుకునే చోట మాత్రం చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. రెండు సగాలను సరిగ్గా కలపడం చిప్ నైపుణ్యం. చవక ప్లేయర్లు తడబడేది ఇక్కడే. సినిమా డిస్కుల్లో సాధారణంగా రెండు సగాలూ ఒకే ఫ్రేమ్‌వి కాబట్టి అంత ఇబ్బంది రాదు. కొనేముందు షాపులో సినిమా కాకుండా సొంత పెళ్లి డిస్క్ పెట్టి చూస్తే ప్లేయర్ సత్తా తెలిసిపోతుంది.

అన్ని డిస్కులూ ఒకటి కాదు

2007లో మోసర్ బేర్ కంపెనీ సినిమా డీవీడీలను 34 రూపాయలకు, వీసీడీలను 28 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. ఇలాంటి చవక డిస్కులు చాలా ఇళ్లలో పోగుపడ్డాయి. అయితే వీసీడీలో ఉండేవి 352 ఇంటూ 288.. అంటే 1,01,376 చుక్కలే. డీవీడీలో నాలుగో వంతు. దాన్ని ఎంత మంచి ప్లేయర్‌లో పెట్టినా పెద్ద తెర మీద మసకగానే ఉంటుంది.

డీవీడీల్లోనూ తేడాలున్నాయి. కొన్ని పాత డిస్కుల్లో సినిమాస్కోప్ బొమ్మను 4:3 చట్రంలో ఇరికించేశారు. కొత్త టీవీలో నాలుగు వైపులా నల్ల పట్టీలు వచ్చేది అందుకే. 576 గీతల్లో అసలు బొమ్మకు దక్కేవి దాదాపు 327 మాత్రమే. వైడ్‌స్క్రీన్ టీవీల కోసం తయారైన డిస్కులో అదే సినిమాకు దాదాపు 436 గీతలు ఉంటాయి. ఈ తేడా డిస్క్ తయారైనప్పుడే ఖాయమైపోయింది. ప్లేయర్ ఏమీ చేయలేదు.

అమెరికా వెళ్లిన పెళ్లి డిస్క్

అమెరికాలో ఉన్న కొడుక్కో కూతురికో ఇక్కడి నుంచి పెళ్లి డీవీడీ పంపితే అక్కడ ఆడకపోవచ్చు. చాలామంది రీజియన్ కోడ్ అనుకుంటారు. నిజమే, సినిమా డిస్కులకు ఇండియా రీజియన్ 5, అమెరికా రీజియన్ 1. కానీ ఇంట్లో, స్టూడియోలో రాసిన డిస్కులకు రీజియన్ కోడ్ ఉండదు. అసలు అడ్డు పాల్ పద్ధతి. అమెరికాలో వాడేది ఎన్‌టీఎస్‌సీ. అక్కడ అమ్మే చాలా ప్లేయర్లు పాల్ డిస్కును చూపించవు. ఇక్కడి ప్లేయర్లు మాత్రం చాలావరకు రెండూ ఆడిస్తాయి. డిస్క్ డ్రైవ్ ఉన్న కంప్యూటర్‌లో అయితే ఎక్కడైనా చూసుకోవచ్చు.

ప్లేయర్ కంటే ముందు కాపీ

సినిమా పోతే మళ్లీ ఎక్కడో దొరుకుతుంది. పెళ్లి వీడియో దొరకదు. పైగా ఈ రెండు డిస్కుల తయారీ వేరు. కంపెనీ సినిమా డిస్కులను అచ్చు గుద్దుతారు. స్టూడియోలో రాసినవి రంగు రసాయనం పూసిన డిస్కులు. లేజర్‌తో ఆ రంగును మార్చి వీడియో రాస్తారు. ఎండ, వేడి, తేమ తగిలితే ఆ రంగు పాడవుతుంది. పైకి ఒక్క గీత లేకపోయినా ప్లేయర్ ‘నో డిస్క్’ అంటుంది. రేకుల ఇంట్లో అటక మీద పెట్టిన డిస్కులకు ఈ ముప్పు ఎక్కువ.

కాబట్టి కొత్త ప్లేయర్‌కు ఖర్చు పెట్టేముందే ఇంటి వీడియోలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం మంచిది. సొంత వీడియోలకు సాధారణంగా తాళం ఉండదు. డిస్క్‌లో కనిపించే ‘వీడియో_టీఎస్’ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేస్తే చాలు. ఒక్కో మామూలు డిస్క్ 4.7 జీబీ మించదు. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఆరు డిస్కులు పడతాయి. ఒకటి కాకుండా రెండు చోట్ల దాచుకోవాలి.

‘1080పిలోకి మార్చి ఇస్తాం’ అని ఎవరైనా డబ్బులు అడిగినా, ముందు అసలు కాపీ తీసుకోవడం మర్చిపోవద్దు. సాగదీసిన ఫైలు సైజు పెరుగుతుందే కానీ అందులో కొత్త వివరం ఉండదు. అసలు ఫైలు ఉంటే రేపు ఇంకా మంచి టీవీ వచ్చినప్పుడు దాన్నే మళ్లీ పెంచి చూసుకోవచ్చు.

డిస్క్ మురికిగా ఉంటే మెత్తటి పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా రుద్దితే గీతలు పడి, ఆడే డిస్క్ కూడా ఆగిపోతుంది.