కొత్త ఇంట్లో పగుళ్లు, చెమ్మ, ఉప్పు పొర.. నౌపడ తీరంలో ఇంటి యజమానులు తెలుసుకోవాల్సినవి ఇవే!

గృహప్రవేశం అయి ఏడాది కూడా తిరగదు. హాల్లో గోడ అడుగున పెయింట్ పొంగి రాలుతుంటుంది. చీపురు పెడితే తెల్లటి పొడి ఊడొస్తుంది. శ్లాబు కింద సన్నటి గీత, దాని పక్కన గోధుమ రంగు మరక. మేస్త్రీని పిలిస్తే "ఉప్పునేల కదండీ, ఇక్కడ అందరి ఇళ్లూ ఇంతే" అంటాడు. మళ్లీ లప్పం, మళ్లీ పెయింట్. తర్వాతి వానాకాలానికి కథ మొదటికొస్తుంది.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ అంటేనే ఉప్పు మడులు గుర్తొస్తాయి. ఇక్కడ సముద్రపు గాలి, భూగర్భ జలం రెండింటిలోనూ ఉప్పు ఉండే ప్రమాదం ఎక్కువ. అయితే ఉప్పునేల అనేది కారణమే కానీ సాకు కాదు. ఇలాంటి చోట ఎలా కట్టాలో నిబంధనలు ఉన్నాయి. అవి పాటించకపోతే అడిగే హక్కు కూడా ఉంది. వలస వెళ్లి కూడబెట్టిన డబ్బుతో ఇల్లు కట్టుకున్న కుటుంబాలు జిల్లాలో చాలా ఉన్నాయి. అలాంటి వాళ్లకు రెండోసారి కట్టుకునే స్తోమత ఉండదు.

ఏ పగులు ప్రమాదం?

ప్లాస్టరింగ్ మీద వల అల్లినట్టు కనిపించే సన్నటి గీతలు చాలావరకు సిమెంట్ ఆరేటప్పుడు వచ్చినవే. సరిగ్గా నీళ్లు కొట్టకపోతే ఇవి పెరుగుతాయి. చూడటానికి బాగోవు కానీ ఇంటికి ముప్పు తక్కువ.

కిటికీ, గుమ్మం మూలల నుంచి ఏటవాలుగా సాగే పగుళ్లు వేరు. పునాది ఒకవైపు దిగినప్పుడు ఇలాంటివి వస్తాయి. పగులుకు అడ్డంగా పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వేసి, నెలకోసారి కొలవాలి. వెడల్పు పెరుగుతుంటే ఇంజనీర్‌ను పిలవాల్సిందే.

అన్నింటికంటే జాగ్రత్త పడాల్సింది బీమ్, పిల్లర్, శ్లాబుల్లో కడ్డీ వెంబడే నిలువునా వచ్చే పగుళ్లతో. పక్కన తుప్పు మరక ఉంటే లోపల ఇనుము తింటున్నట్టే. తుప్పు పట్టిన ఇనుము అసలు పరిమాణం కంటే రెండు రెట్లకు పైగా ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీట్ పగిలి పెచ్చులూడుతుంది.

గోడ అడుగున తెల్లటి పొర వస్తే, నేలలోని తడి ఉప్పును కరిగించుకుని ఇటుకల గుండా పైకి పాకుతోందని అర్థం. తడి ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. ప్లింత్ దగ్గర చెమ్మను ఆపే డీపీసీ పొర వేయకపోవడం, వేసినా సరిగ్గా వేయకపోవడం దీనికి ప్రధాన కారణాల్లో ఒకటి.

తాగే నీళ్లయితే చాలా?

"తాగే నీళ్లతోనే కట్టాం" అని చాలామంది ధీమాగా చెబుతారు. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనిచోట 1000 వరకు అనుమతిస్తారు. కానీ ఇనుప కడ్డీలు వేసే కాంక్రీట్‌కు వాడే నీటిలో 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456:2000 చెబుతోంది. అంటే తాగడానికి పనికొచ్చిన బోరు నీరు శ్లాబుకు పనికిరాకపోవచ్చు.

అదే ప్రమాణం ప్రకారం తీర వాతావరణానికి గురయ్యే కాంక్రీట్ 'తీవ్ర' కేటగిరీలోకి వస్తుంది. దానికి కనీసం ఎం30 గ్రేడ్, కడ్డీపై 45 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. చాలా ఇళ్లకు అలవాటుగా వేసే ఎం20, 20 మిల్లీమీటర్ల కవర్ అనేవి తక్కువ ప్రమాదం ఉన్న లోతట్టు ప్రాంతాలకు చెప్పినవి.

గురుగ్రామ్ పాఠం

ఉప్పు ఎంత పని చేస్తుందో చెప్పడానికి సముద్రం పక్కనే ఉండక్కర్లేదు. హర్యానాలోని గురుగ్రామ్, సెక్టార్ 109లోని చింటెల్స్ పారడైసోలో 2022 ఫిబ్రవరి 10న డి టవర్‌లోని ఫ్లాట్ల శ్లాబులు ఒకదానిమీద ఒకటి కూలాయి. ఇద్దరు మహిళలు చనిపోయారు. కాంక్రీట్‌లో క్లోరైడ్లు ఉండటంతో కడ్డీలు వేగంగా తుప్పు పట్టాయని ఐఐటీ ఢిల్లీ నిపుణులు తేల్చారు. ఆ టవర్ నివాసానికి పనికిరాదన్నారు.

ముందు ఏం చేయాలి?

రిపేర్‌కు తొందరపడకూడదు. ముందు సాక్ష్యం భద్రం చేసుకోవాలి.

1. ప్రతి లోపాన్నీ పక్కన స్కేల్ పెట్టి, తేదీ కనిపించేలా ఫొటోలు, వీడియోలు తీయాలి.
2. ఒప్పంద పత్రం, ప్లాన్, ఫోన్‌పే చెల్లింపులు, ఇసుక, సిమెంట్, ఇనుము బిల్లులు, వాట్సాప్ మెసేజ్‌లు ఒకచోట పెట్టాలి.
3. బోరు నీటిలో క్లోరైడ్ ఎంతుందో ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి.
4. స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో రాతపూర్వక రిపోర్ట్ తీసుకోవాలి. రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పల్స్, హాఫ్ సెల్ లాంటి పరీక్షలతో గోడ పగలగొట్టకుండానే కాంక్రీట్ బలం, తుప్పు అవకాశం అంచనా వేస్తారు. ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల్లోనూ అడిగి చూడొచ్చు.
5. లోపాల జాబితాతో, సరిచేయడానికి గడువు ఇస్తూ మేస్త్రీకి లేదా బిల్డర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. రసీదు దాచుకోవాలి.

పైపూత రిపేర్లతో ఉపయోగం లేదు

తుప్పు పట్టిన కడ్డీ మీద కొత్త ప్లాస్టరింగ్ వేస్తే లోపల తుప్పు ఆగదు. వదులైన కాంక్రీట్ కొట్టేసి, కడ్డీని మెరిసేదాకా శుభ్రం చేసి, తుప్పు నిరోధక పూత వేశాకే పాలిమర్ మోర్టార్‌తో పూడ్చాలి. కడ్డీ బాగా సన్నబడితే అదనపు కడ్డీ అవసరమా అనేది ఇంజనీర్ చెప్పాలి. ఉప్పు పొరను నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, చెమ్మ వచ్చే దారిని మూశాకే పెయింట్ వేయాలి.

మాట వినకపోతే.. వినియోగదారుల కమిషన్

ఇంటి నిర్మాణం కూడా 'సేవ' కిందికే వస్తుందని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కూడా అదే చెబుతోంది. చెల్లించిన మొత్తం రూ.50 లక్షల లోపైతే శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. రూ.5 లక్షల వరకు ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. అయితే కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. "రేపు చేస్తా, ఎల్లుండి చేస్తా" అనే మాటలు నమ్మి కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మెటీరియల్‌తో సహా కాంట్రాక్ట్ ఇస్తే బాధ్యత మొత్తం కాంట్రాక్టర్‌దే. లేబర్ కాంట్రాక్ట్ మాత్రమే ఇచ్చి, ఇసుక, నీళ్లు యజమానే ఏర్పాటు చేస్తే మేస్త్రీని పనితనం వరకే నిలదీయగలరు. కవర్ తక్కువ వేయడం, నీళ్లు కొట్టకపోవడం, డీపీసీ వదిలేయడం లాంటివి ఆ లెక్కలోకి వస్తాయి. నాసిరకం సరుకు అయితే అమ్మినవాళ్ల మీద ఫిర్యాదు చేయాలి. అందుకే బిల్లులు ముఖ్యం.

ఫ్లాట్ కొన్నవాళ్లకు రెరా

టెక్కలి, శ్రీకాకుళం, విశాఖల్లో ఫ్లాట్ కొన్నవాళ్లకు రెరా చట్టం 2016లోని సెక్షన్ 14(3) అండగా ఉంటుంది. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం, పనితనం లోపం బయటపడి, దాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 మించకపోయినా ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సొంత స్థలంలో మేస్త్రీతో కట్టించుకున్న ఇల్లు దీని కిందికి రాదు. వాళ్లకు వినియోగదారుల కమిషనే దారి.

ఇంకా కడుతున్నవాళ్లు..

- పునాదికి ముందే బోరు నీటి పరీక్ష చేయించాలి. క్లోరైడ్ ఎక్కువుంటే కాంక్రీట్‌కు, క్యూరింగ్‌కు మంచినీళ్ల ట్యాంకర్ తెప్పించాలి. సముద్రపు ఇసుక, ఉప్పుటేటి ఇసుక దగ్గరికి రానివ్వకూడదు.
- శ్లాబు వేసే ముందు కవర్ బ్లాకులు స్వయంగా చూసి ఫొటో తీయాలి.
- బ్లెండెడ్ సిమెంట్ వాడితే కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు తడిగా ఉంచాలి.
- గ్రేడ్, కవర్, డీపీసీ, లోపాల బాధ్యత ఎన్నాళ్లో ఒప్పందంలో రాయించాలి. ఒక వానాకాలం గడిచేవరకు చివరి విడత సొమ్ములో కొంత ఆపుకునే షరతు పెట్టుకోవాలి.

కేసు ఎటు తేలినా ప్రాణం ముఖ్యం. శ్లాబు పెచ్చులు రాలుతూ కడ్డీ బయటపడితే ఆ గదిలో పడుకోవడం ఆపేసి, ఇంజనీర్ సలహాతో కింద సపోర్టులు పెట్టించాలి. ఫిర్యాదు ఎలా చేయాలో తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.