డైనమో, కటౌట్, ఒక బల్బు

బెజవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకునేనాటికి మీటరు మేస్త్రీగారి పెట్టెలోనే ఉండేది. మా కుర్రాళ్ల చేతికి రెండు వైర్లు కట్టిన హెడ్‌లైట్ బల్బే. చార్జింగ్ లేదంటూ అంబాసిడర్ వస్తే ముందు ఫ్యాన్‌బెల్ట్ నొక్కి చూడాలి, బ్యాటరీ టెర్మినళ్లు గీకాలి. డైనమో జోలికి వెళ్లేది ఆ తర్వాతే.

అంబాసిడర్ పుట్టుక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి. పాత బళ్లలో కరెంటు సామానంతా లూకాస్ పద్ధతే. ఆ సామాను ఇక్కడే తయారుచేసే లూకాస్-టీవీఎస్ 1961లో మద్రాసులో మొదలైంది. డైనమోకి రెండు మొనలు: లావుది డి, సన్నది ఎఫ్. వాటి వైర్లు ఊడదీసి, రెండు మొనల్నీ కలిపి, అక్కణ్ణుంచి బాడీకి బల్బు పెట్టి ఇంజన్ కాస్త రేజ్ చేస్తే బల్బు తెల్లగా వెలగాలి. అత్యుత్సాహం చూపిస్తే మాడిపోతుంది. వెలిగిందా, డైనమో మంచిదే. దోషం డైనమోని బ్యాటరీతో కలిపి, విడదీసే కటౌట్‌లోనో, వైరింగులోనో. మీటరుంటే ఇంకా తేలిక: సూది ఒక వోల్టు లోపే ఆగితే ఫీల్డ్ కాయిల్, నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్.

కటౌట్ పాయింట్లు అతుక్కుంటే మాత్రం పరుగే. ఇంజన్ ఆపినా బ్యాటరీ కరెంటు డైనమోలోకి ఎదురు పారి, దాన్ని మోటారులా తిప్పబోతుంది. బెల్టు తిరగనివ్వదు, వైర్ల నుంచి పొగలొస్తాయి. మూత తీసి పాయింట్లు విడదీయాలి.

డైనమో విప్పినప్పుడు కమ్యుటేటర్‌ని సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, రాగి పలకల మధ్య అభ్రకాన్ని హాక్సా బ్లేడు ముక్కతో చెక్కాలి. మేస్త్రీగారిది అభ్రకం గనుల గూడూరు. ఆ పని ఎవరికీ ఒప్పజెప్పేవారు కాదు.

ఆల్టర్నేటర్లొచ్చాక బండి ఐడిలింగులో ఉన్నా చార్జింగ్ అవుతోంది, అది సుఖమే. కానీ ఒక పాత దురలవాటు వెంటే వచ్చింది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే చార్జింగ్ ఉందనడం. డైనమోకీ అది మంచిది కాదు, ఎలాగో తట్టుకునేది. ఆల్టర్నేటర్‌లో ఏసీని డీసీ చేసే డయోడ్లు ఉంటాయి. బ్యాటరీ హఠాత్తుగా తప్పుకుంటే వోల్టేజి ఎగసి అవి పోతాయి. నిక్షేపంలాంటి ఆల్టర్నేటర్లు ఎన్నో ఇలా పరీక్షలోనే చచ్చాయి.

రాత్రిళ్లు ఊళ్లో తిప్పే పాత బండికైతే ఆల్టర్నేటర్ పెట్టించుకోమంటాను. ప్రదర్శనకు ఉంచుకున్నదానికి డైనమో ఉండనివ్వండి. చాలాకాలం కదలని బండిలో డైనమోలోని అయస్కాంత గుణం తగ్గి, కరెంటు పుట్టకపోవచ్చు. ఎఫ్ మొనకున్న వైరు తీసి, బ్యాటరీ నుంచి తెచ్చిన లైవ్ వైరుతో ఆ మొనని ఒక్క క్షణం తాకించి చూడండి. రివైండింగ్ మాట ఆ తర్వాత.