ప్రాణహిత మీద రేవు పాట

1860 ఒప్పందంలో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిషువారికి వదులుకున్నాడు. సరిహద్దు నదుల మీద సరుకుకు సుంకం ఎత్తేయడానికీ ఒప్పుకున్నాడు. సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమైంది. దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమరి దగ్గర బండరాళ్లు తప్పించి ఆవిరి పడవలు నడపాలని కాలువలు, లాకులు తలపెట్టారు. 1871లో పని ఆగిపోయింది.

ఆవిరి పడవలు నిలవలేదు గానీ, నిబంధనలు మాత్రం వచ్చాయి.

1878 నాటి ఉత్తర భారత రేవుల చట్టం సెంట్రల్ ప్రావిన్సులకూ వర్తించింది. ప్రాణహిత పక్కనున్న ఇప్పటి ముల్చేర, అహేరి, సిరోంచ ప్రాంతం అప్పుడు అందులోనిదే. సర్కారు రేవును వేలం వేయొచ్చు. పాట దక్కించుకున్నవాడు దాటింపు రేట్ల పట్టికను స్థానిక భాషలో, రేవు దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలి. రెండు మైళ్లలోపు ఇంకొకరు అనుమతి లేకుండా రేవు నడపకూడదు. ఎన్ని పడవలు, ఎందరు మనుషులు, ఎంత బరువు అన్న నియమాలూ సర్కారు చేతిలోవే. అంటే హక్కు ముడిపడింది పడవతో కాదు, రేవుతో. తెడ్డేసే వాడికన్నా పాటదారుదే పైచేయి!

ఇక పడవల మీద వచ్చిన 1917 చట్టం యంత్రంతో నడిచేవాటినే పట్టించుకుంది. తెడ్డు పడవల నమోదుకు 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టంలో విడిగా చోటు దొరికింది. అప్పటికే సిరోంచ, కాళేశ్వరం మధ్య వంతెన మీద బస్సులు తిరుగుతున్నాయి.